తుప్పు పట్టని పడవకు తుప్పు సీసాలు: ఒక వెదరింగ్ సెట్‌పై సమీక్ష

యుద్ధకాలపు ఓడల మోడళ్లకు వాడకపు ఆనవాళ్లు తీసుకురావడానికి ఆరు సీసాలతో వచ్చే ఒక ఎనామెల్ వెదరింగ్ సెట్‌ను నేను ఒక చెక్క పడవ మీద మొదటి నుంచి చివరి దాకా వాడి చూశాను. పడవ అమెరికా నౌకాదళానికి చెందిన పీటీ-109, రెండో ప్రపంచ యుద్ధంలో టార్పెడోలతో గస్తీ తిరిగిన చిన్న పడవ. కిట్ ఇటాలెరీ సంస్థ 1/35 స్కేలులో అందించేది. సెట్‌లో ముదురు గోధుమ వాష్ (సందుల్లోకి పారి నీడలా నిలిచే పలచని రంగు), లేత బూడిద ఫిల్టర్ (కింది రంగు ఛాయను కాస్త మార్చే పలచని రంగు), లేతది ఒకటి ముదురుది ఒకటి చొప్పున రెండు తుప్పు చారల రంగులు, ఉప్పు చారలకు మురికి తెలుపు, నీటిగీత దగ్గరి నాచుకు ఒక ఆకుపచ్చ ఉన్నాయి. ఇలాంటి సెట్లను చాలా సంస్థలు కాస్త అటూ ఇటూగా ఇదే కూర్పుతో అమ్ముతున్నాయి కాబట్టి, పెట్టె మీది పేరు కంటే సీసాల్లోని సరుకు, అది పడవ మీద పనిచేసిన తీరు ఇక్కడ ముఖ్యం. నా తీర్పు ముందే చెబుతాను. రంగుల నాణ్యత బాగుంది. అయితే ఈ సెట్‌ను కూర్చినవారి మనసులో ఉన్నది ఉక్కు ఓడ. చెక్క పడవ కట్టేవారు పెట్టెలోని సూచనల కాగితాన్ని అక్షరాలా పాటిస్తే, ఎంతో శ్రద్ధగా రంగు వేసిన మోడల్ కూడా లేని చరిత్రను చూపిస్తుంది.

ఆ మాట ఎందుకు అంటున్నానో తెలియాలంటే ఆ పడవలను దేనితో కట్టారో చూడాలి. న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయోన్‌లో ఎల్కో కంపెనీ కట్టిన ఈ 80 అడుగుల పడవల హల్‌కు (పడవ ఒంటికి) రెండు వరసల మహాగని పలకలను ఏటవాలుగా పరిచి, ఆ రెండు వరసల మధ్య జిగురు పట్టించిన కాన్వాసు గుడ్డ పెట్టి, వేల కొద్దీ కంచు స్క్రూలతో, రాగి రివెట్లతో బిగించేవారు. చెక్కకు తుప్పు ఉండదు. కంచుకు, రాగికి ఎర్ర తుప్పు రాదు. మహా అయితే చిలుము పడుతుంది, అదీ రంగు పొర కిందే ఉండిపోతుంది. సెట్ కాగితంలో మాత్రం ప్రతి హ్యాచ్ (పడవ పైతలంలోని మూత ఉన్న దారి) మూల నుంచి, ప్రతి రంధ్రం కింది అంచు నుంచి సన్నని తుప్పు చార ఒకటి కిందికి దించమని బొమ్మలతో సహా చూపించారు. ఉక్కు రేకులతో కట్టిన డిస్ట్రాయర్‌కు ఆ సూచన సరిగ్గా సరిపోతుంది. మహాగని పలకల మీద అదే చార దించితే, ఏ లోహం నుంచి ఆ తుప్పు కారిందన్న ప్రశ్నకు జవాబు ఉండదు. నేను చూసిన పీటీ పడవల మోడళ్లలో ఎక్కువ వాటిని చెడగొట్టింది ఈ ఒక్క పొరపాటే. చేయి తిరిగినవారు కూడా ఇది చేస్తున్నారంటే, సెట్‌లోని సీసాలన్నీ వాడాలనే తొందరే దానికి కారణమని నాకు అనిపిస్తుంది.

పడవ వయసు కూడా లెక్కలోకి రావాలి. పీటీ-109ను నౌకాదళానికి అప్పగించింది 1942 జూలైలో. సోలమన్ దీవుల్లోని బ్లాకెట్ జలసంధిలో జపాన్ డిస్ట్రాయర్ అమగిరి ఢీకొట్టగా అది రెండు ముక్కలైంది 1943 ఆగస్టు 2 తెల్లవారుజామున. అంటే దాని ఆయుష్షు మొత్తం పదమూడు నెలలు. తరువాత అమెరికా అధ్యక్షుడైన జాన్ ఎఫ్. కెనడీ దాని బాధ్యత తీసుకున్నది 1943 ఏప్రిల్‌లో. సోలమన్ దీవుల్లో ఉన్నన్నాళ్లూ అది తులాగి, రెండోవా వంటి స్థావరాల నుంచి రాత్రిపూట గస్తీ తిరిగి, పగలు లంగరు వేసుకుని ఉండేది కనుక, దాని మీద ఎండ, వాన, ఉప్పునీరు, నూనె, మసి, సిబ్బంది కాళ్ల రాపిడి అన్నీ ఉండాలి. ముప్పై ఏళ్లు ఒడ్డున పడి ఉన్న పాత నావకు ఉండే శిథిలత్వం మాత్రం ఉండకూడదు. బాగా అలసిపోయినా రోజూ పనికి వెళ్లే పడవలా కనిపించాలి. ఈ సమీక్షలో ప్రతి సీసానూ నేను ఆ కొలతతోనే తూచాను.

కిట్ కూర్పు గురించి ఎక్కువ చెప్పను. 80 అడుగులు 1/35 స్కేలులో దాదాపు 70 సెంటీమీటర్లు అవుతాయి, వెడల్పు 18 సెంటీమీటర్లు. బల్ల మీద చోటు ముందే చూసుకోవాలి. భాగాలను గిన్నెలు తోమే సబ్బునీటితో కడిగి ఆరబెట్టిన తరువాతే ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు పొర) వేయాలి. ఫోటో ఎచ్ భాగాలకు (పలచని లోహపు రేకు భాగాలకు) లోహానికి పట్టే ప్రైమర్ విడిగా వేయకపోతే, తరువాత మాస్కింగ్ టేపు తీసినప్పుడు రంగంతా టేపుతో పాటే ఊడి వస్తుంది. ఇక్కడే ఒక లెక్క మనసులో నాటుకోవాలి: ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు మరక అంటే అసలు పడవ మీద మూడున్నర సెంటీమీటర్ల మరక. స్పాంజితో అద్దిన రెండు మిల్లీమీటర్ల పెచ్చు, అసలు పడవ మీద అరచేతి వెడల్పు రంగు ఊడిపోయిన చోటు అవుతుంది. ఈ లెక్క గుర్తున్నంతసేపు చేయి అదుపులో ఉంటుంది.

సోలమన్ దీవుల్లో పనిచేసిన పడవలను తీరంలోని దట్టమైన చెట్ల నేపథ్యంలో కలిసిపోయేలా ఆకుపచ్చకు మార్చేవారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రంగు మీద స్థావరంలోనే మరో రంగు వేయడం మామూలు. వెదరింగ్ చేసేవారికి ఇది గొప్ప అవకాశం. చెక్క పడవ మీద రంగు ఊడితే కింద మెరిసే లోహం కనిపించదు. పాత రంగు కనిపిస్తుంది, ఇంకా లోతుకు పోతే ప్రైమరో నెరిసిన చెక్కో కనిపిస్తుంది. అందువల్ల నేను మొదట బూడిద రంగు పూర్తిగా వేసి, అది గట్టిపడ్డాక జుట్టుకు వాడే హెయిర్‌స్ప్రేను రెండు పలచని పొరలుగా కొట్టి, దాని మీద అక్రిలిక్ ఆకుపచ్చను ఎయిర్‌బ్రష్‌తో వేశాను. ఆకుపచ్చను కూడా ఒకే ఛాయలో వేయలేదు. ఎండ నేరుగా పడే డెక్కు, డెక్‌హౌస్ పైకప్పు లేతగా, పక్క గోడలు ముదురుగా ఉండేలా, పైభాగాలకు వేసే రంగులో చామన పసుపు కొద్దిగా కలిపాను. తెలుపు కలిపితే ఆకుపచ్చ సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. పసుపు కలిపితే వెలిసినట్టు ఉంటుంది. మొదటి డెక్‌హౌస్ పైకప్పు మీద తెలుపు కలిపి చూసి, మళ్లీ రంగు వేసుకోవలసి వచ్చాకే ఈ తేడా నాకు బోధపడింది.

రాపిడి మరకలు తెప్పించడం ఈ పని మొత్తంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన ఘట్టం కాబట్టి అక్కడ కాస్త ఆగుతాను. కాక్‌పిట్ పక్కన డెక్కులో ఒక చిన్న హ్యాచ్ ఉంది. ఇంజను గది వైపు వెళ్లేవారు రోజుకు ఎన్నిసార్లు దాని అంచు మీద కాలు పెట్టి ఉంటారో ఊహించి, ఆ అంచును మాత్రం గోరువెచ్చని నీళ్లలో ముంచిన పొట్టి కుంచెతో తడిపాను. అర నిమిషం ఆగాక, చివర కాస్త నలగ్గొట్టిన పుల్లతో ముందు నుంచి వెనకకు, అడుగులు పడే దిశలోనే, రెండుసార్లు గీరాను. మొదటిసారికి ఏమీ జరగలేదు. రెండోసారికి ఆకుపచ్చ పొర అంచు వెంట్రుకవాసి లేచింది. మూడోసారి గీరకుండా తడి కుంచెను దాని మీద ఆడించగానే పెసరగింజలో సగం పొట్టంత ముక్క ఊడి, కింది బూడిద రంగు బయటపడింది. ఆ ముక్క ఆకారం నేను గీయాలనుకుంటే గీయలేనంత సహజంగా ఉంది. హెయిర్‌స్ప్రే పద్ధతి విలువ అదే: ఎక్కడ ఊడాలో మనం నిర్ణయిస్తాం, ఎలా ఊడాలో రంగే నిర్ణయించుకుంటుంది. ఇలాంటి చోట్లు డెక్కంతా కలిపి పదిహేనుకు మించనివ్వలేదు. చక్రం పట్టేవాడు నిలబడే చోట, టార్పెడో గొట్టాల పక్కనున్న నడవలో, వెనక 20 మిల్లీమీటర్ల తుపాకి చుట్టూ, లంగరు తాడు రాసుకునే ముందు అంచున. అక్రిలిక్ వేశాక ఎక్కువ రోజులు ఆగితే పొర మొండికేస్తుంది కాబట్టి, రంగు వేసిన కొద్ది గంటల్లోనే ఈ పని ముగించాలి.

డెకల్స్‌కు (మోడల్ మీద అతికే అంకెలు, గుర్తుల బొమ్మలకు) ముందు నిగనిగలాడే క్లియర్ పొర వేయడం అందరికీ తెలిసిందే. టామియా ఎక్స్-22ను పలచగా మూడు విడతలు వేసి పూర్తిగా ఆరనిస్తే సరిపోతుంది. వెదరింగ్ వాష్‌కు కూడా ఆ నునుపు పొర అవసరం. ఈ సెట్‌లోని గోధుమ వాష్‌ను నేను ఒకచోట, డెక్‌హౌస్ వెనక గోడ మీద, నునుపు పొర లేకుండా మ్యాట్ (మెరుపు లేని) రంగు మీదే ప్రయత్నించాను. సందులోకి పారవలసిన వాష్ సందు దాటి చుట్టూ పాకి, టీ ఒలికిన బట్టలా మరక కట్టింది; ఎనామెల్‌ను కరిగించే వైట్ స్పిరిట్‌తో తుడిచినా ఆ నీడ పోలేదు. నునుపు పొర ఉన్నచోట అదే వాష్, కుంచె మొనను హ్యాచ్ అంచుకు తాకించగానే గీత వెంట దానంతట అదే పరుగెత్తి ఎదుటి మూలలో ఆగింది. ఈ సీసా సెట్‌లోకెల్లా మంచిది. రంగు మరీ నలుపు కాదు, ఎరుపు జాడ లేదు, ఆకుపచ్చ మీద నీడలా నిలుస్తుంది, అరగంట తరువాత కూడా మిగులును తడి కుంచెతో శుభ్రంగా లాగేయవచ్చు. ఒక్క ఈ సీసా విడిగా దొరికితే మళ్లీ కొంటాను.

అయితే ఒక నష్టం కూడా జరిగింది, దానిలో నా తొందరపాటు ఉన్నంతగా కాగితంలోని లోపమూ ఉంది. తుపాకి గూటి చుట్టూ ఉండే సన్నని కడ్డీని అతికేటప్పుడు అది కాస్త పొట్టిగా అనిపించి, వంచి, బిగించి అతికాను. దాని మొదట్లో వాష్ రెండుసార్లు ధారాళంగా పెట్టాను. కాగితంలో ‘సందులు నిండేదాకా పెట్టండి’ అని ఉంది. మర్నాడు చూస్తే కడ్డీ మొదట్లో విరిగి వేలాడుతోంది. బిగువులో ఉన్న ప్లాస్టిక్‌లోకి ఎనామెల్ ద్రావకం ఇంకితే అది పెళుసై పగులుతుంది. రంగు పొర లేని లోపలి సందుల్లో ఇది మరీ త్వరగా జరుగుతుంది. ఈ హెచ్చరిక కాగితంలో ఒక్క వాక్యం ఉంటే చాలు, ఒక సాయంత్రం మరమ్మతుకు పోయేది కాదు. భాగాలను బలవంతంగా వంచి అతకకూడదు, అతుకుల లోపలికి కూడా క్లియర్ పొర పట్టించాలి, వాష్‌ను నింపకూడదు, మొనతో తాకించాలి. వాసన ఘాటుగా ఉంటుంది కనుక కిటికీ తెరిచి, ద్రావకాల ఆవిరిని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు పెట్టుకునే పని చేయాలి.

బూడిద ఫిల్టర్ సీసా నన్ను పెద్దగా మెప్పించలేదు. నౌకాదళపు బూడిద, నీలం రంగుల మీద అది పనికొస్తుందేమో. ఆకుపచ్చ మీద మాత్రం దుమ్ము పట్టినట్టు కనిపిస్తుంది, నడిసముద్రపు పడవ మీద దుమ్ము ఎక్కడి నుంచి వస్తుంది? దాన్ని పక్కన పెట్టి, చిత్రకారులు వాడే తైలవర్ణాలతో డెక్కును వెలిసినట్టు చేశాను. లేత పసుపు, మట్టి రంగు, ముదురు ఆకుపచ్చ, కొంచెం నీలం చుక్కలను అట్టముక్క మీద పెట్టి నూనె పీల్చనిచ్చి, డెక్కు మీద ఆవగింజంత చుక్కలుగా చల్లి, వైట్ స్పిరిట్‌లో ముంచి దాదాపు ఆరబెట్టిన వెడల్పు కుంచెతో కలిపేయాలి. డెక్కు మీద కుంచె గుండ్రంగా తిరగాలి, పక్క గోడల మీద పై నుంచి కిందికి మాత్రమే నడవాలి. చుక్కలు మాయమై, రంగులో ఏదో మార్పు వచ్చిందని తెలుస్తూ అదేమిటో చెప్పలేని స్థితిలో ఆపేయాలి.

ఇక తుప్పు సీసాలు. రంగులుగా అవి చాలా బాగున్నాయి. లేతది పసుపు వైపు, ముదురుది కాఫీ వైపు మొగ్గుతూ, ఒకదాని మీద ఒకటి వేస్తే తాజా తుప్పు, పాత తుప్పు విడివిడిగా తెలుస్తాయి. వాటికి ఈ పడవ మీద పని తక్కువ, అంతే. ఉక్కుతో చేసినవేవో వెతుక్కుని, అక్కడికే వాటిని పరిమితం చేశాను: టార్పెడో గొట్టాలను డెక్కుకు బిగించే పీటల అడుగున, డెప్త్ చార్జిలను (జలాంతర్గాముల మీదికి నీళ్లలో వదిలే బాంబులను) నిలిపే చట్రాల మూలల్లో, లంగరు మీద, లంగరు పెట్టిన చోట డెక్కు మీద వేలెడు మరకగా. తుపాకులకు తుప్పు ససేమిరా వేయలేదు. రాత్రికి వాటి మీద ప్రాణాలు ఆధారపడే సిబ్బంది వాటిని నూనెతో తుడిచి ఉంచుతారు, అందుకే 0.50 అంగుళాల జంట మెషిన్‌గన్లకు నల్లటి రంగు మీద పెన్సిల్ గ్రాఫైట్ పొడిని వేలితో రుద్ది, నూనె పట్టిన ఇనుప మెరుపు మాత్రం తెప్పించాను.

టార్పెడో గొట్టాల దగ్గర ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మొదటి తరం ఎల్కో పడవల మీది మార్క్ 18 గొట్టాల నుంచి మార్క్ 8 టార్పెడోలను నల్లమందు పేల్చి బయటికి నెట్టేవారు. లోపల పూసిన గ్రీజు అప్పుడప్పుడు అంటుకుని మండి, చీకట్లో పడవ ఉనికిని శత్రువుకు పట్టించేది. తరువాతి పడవల్లో ఈ గొట్టాలను తీసేసి, మార్క్ 13 టార్పెడోలను డెక్కు పక్క నుంచి నీళ్లలోకి దొర్లించే తేలికపాటి చట్రాలు పెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. మోడల్‌లో గొట్టాల మూతి లోపలి అంచున గ్రీజు మెరుపు, దాని చుట్టూ పొగచూరిన నలుపు ఉంటే ఆ ఆయుధం కథ అక్కడే కనిపిస్తుంది. సెట్‌లో దీనికి పనికొచ్చే సీసా లేదు. ముదురు గోధుమ తైలవర్ణంలో నిగనిగలాడే క్లియర్ ఒక చుక్క కలిపి గ్రీజుగా, నల్ల పిగ్మెంట్ పొడిని పొడి కుంచెతో అద్ది మసిగా వాడుకున్నాను. నాలుగు గొట్టాల్లో రెండింటికి మాత్రమే మసి పెట్టాను. నాలుగూ ఒకే రాత్రి పేల్చినట్టు కనిపిస్తే మళ్లీ అతి అవుతుంది.

సెట్‌లో అసలు లేని, పీటీ పడవకు అన్నింటికంటే అవసరమైన రంగు ఇంజను మసి. ఈ పడవల్లో మూడు ప్యాకార్డ్ ఇంజన్లు ఉండేవి, ఒక్కొక్కటి పన్నెండు సిలిండర్లది, విమానాలకు వాడే 100 ఆక్టేన్ పెట్రోలుతో నడిచేది. ఒక్కో ఇంజనుకు రెండు వరసల సిలిండర్లు కనుక పొగ గొట్టాలు మొత్తం ఆరు, పడవ వెనక పలక నుంచి బయటికి వస్తాయి. వాటికి మఫ్లర్లు తగిలించి, నెమ్మదిగా నడిచేటప్పుడు పొగను నీళ్ల కిందికి మళ్లించి చప్పుడు తగ్గించేవారు, వేగం పెంచేటప్పుడు కవాటాలు తెరిచి నేరుగా వదిలేవారు. అంటే వెనక పలక మీద మసి రెండు రకాలుగా పేరుకోవాలి: గొట్టాల మూతుల చుట్టూ పొడి నలుపు, మఫ్లర్ల కిందుగా నీటి తుంపరతో కలిసి కారిన జిడ్డు నలుపు. పొడి నలుపుకు ఎయిర్‌బ్రష్‌లో నలుపు, గోధుమ కలిపి తొంభై ఐదు పాళ్లు థిన్నర్ అనిపించేంత పలచన చేసి, గొట్టం మూతి నుంచి బయటికి చిన్న చిన్న విడతలుగా ఊదాను. పది విడతలు వేసినా ఏమీ కనిపించదు, పన్నెండో విడతకు ఒక్కసారిగా కంటికి ఆనుతుంది. ఆ క్షణంలో చేయి తీసేయాలి. జిడ్డు నలుపుకు సెట్‌లోని గోధుమ వాష్‌లోనే నల్ల పిగ్మెంట్ కలిపి, సన్న కుంచెతో కిందికి లాగి, ఆరాక అక్కడక్కడ శాటిన్ (సగం) మెరుపు పెట్టాను. ఒక్కో గొట్టానికి పొడవు, ముదురు కాస్త మార్చాను. ఓడల సెట్ అని పేరు పెట్టి మసి సీసా ఇవ్వకపోవడం ఈ పెట్టెలోని పెద్ద లోటు. రెండు తుప్పుల్లో ఒకటి తీసేసి మసి పెట్టి ఉంటే సెట్ విలువ రెట్టింపు అయ్యేది.

పెట్రోలు నింపే మూతల దగ్గర కూడా కొంత పని ఉంది. ఈ పడవల ట్యాంకుల్లో సుమారు 3,000 గ్యాలన్ల పెట్రోలు పట్టేది. సోలమన్ దీవుల స్థావరాల్లో డ్రమ్ముల నుంచి చేతి పంపులతో నింపిన సందర్భాలు ఎన్నో. ఒలికిన పెట్రోలు ఆవిరైపోతుంది, దానితో పాటు అక్కడి మురికి కరిగి పక్కకు జరిగి వలయంగా నిలుస్తుంది. అందుకే మూత చుట్టూ డెక్కును శుభ్రంగా ఉంచి, దాని వెలుపలి అంచున సన్నని ముదురు వలయం గీశాను. నల్లటి నూనె మరక కంటే ఇదే నమ్మదగినట్టు కనిపించింది.

ఉప్పు చారల సీసాను ఆచితూచి వాడాలి. ఉప్పు ఎక్కడ పేరుకుంటుందో ఆలోచిస్తే సమాధానం తేలిక: తుంపర పడి, నీరు ఆవిరయ్యే చోట. వేగంగా వెళ్లే పడవ పక్క గోడలు నిరంతరం కడుక్కుపోతుంటాయి. ఉప్పు నిలిచేది డెక్కు గుంటల్లో, డెక్‌హౌస్ ముందు గోడ అడుగున, తెరిచి ఉంచిన హ్యాచ్ మూతల నీడలో. పైగా సోలమన్ దీవుల్లో వానలు జోరుగా కురుస్తాయి, వాన పడ్డ ప్రతిసారీ ఉప్పు కొట్టుకుపోతుంది. కాగితంలో చూపినట్టు పక్క గోడలంతా నిలువు తెల్ల చారలు దించితే పడవ మంచులో నిలిపినట్టు ఉంటుంది. నేను సీసాలోని రంగును ఒకటికి నాలుగు పాళ్లు వైట్ స్పిరిట్‌తో పలచన చేసి, అతి తక్కువ చోట్ల పెట్టాను. ఈ రంగుకు మరో గుణం ఉంది, తెలుసుకోకపోతే మోసపోతాం: తడిగా ఉన్నప్పుడు దాదాపు కనిపించదు, ఆరాక రెట్టింపు తెల్లగా తేలుతుంది. ఒక పొర వేసి, పూర్తిగా ఆరేదాకా ఆగి చూసి, అప్పుడే రెండోది వేయాలా అని ఆలోచించాలి.

నాచు ఆకుపచ్చ మాత్రం ఊహించినదాని కంటే బాగా పనికొచ్చింది. నీళ్లలోనే ఉండే చెక్క పడవ అడుగుకు నాచు, గుల్లలు పట్టి వేగం తగ్గిపోతుంది. అందుకే అడుగున వాటిని నిరోధించే ఎర్రటి రంగు వేసేవారు, వీలు దొరికినప్పుడు పడవను నీళ్ల నుంచి పైకెత్తి గీకేవారు. నీటిగీత వెంట మాస్కింగ్ టేపును కొద్దిగా ఎగుడుదిగుడుగా అంటించి, ఆకుపచ్చను స్పాంజితో అద్ది, తడి ఆరకముందే దూది పుల్లతో కిందికి లాగితే, రోజంతా కదలకుండా నిలిచిన పడవకు పట్టే జారుడు నాచు అచ్చంగా వస్తుంది. ఆరిన తరువాత కొద్దిచోట్ల శాటిన్ మెరుపు ఇస్తే తడిగా కనిపిస్తుంది. ఆకుపచ్చ పడవ మీద ఆకుపచ్చ నాచు తేలదేమోనని మొదట సందేహించాను; నాచు రంగు గోధుమ వైపు మొగ్గి ఉండటం వల్ల ఆ ఇబ్బంది రాలేదు.

చివరి మ్యాట్ పొర గురించి ఒక జాగ్రత్త. టామియా ఎక్స్ఎఫ్-86 వంటి మ్యాట్ క్లియర్ వేయగానే ఎనామెల్ చారలు సగం వెనక్కి పోతాయి, పిగ్మెంట్ పొడి అయితే దాదాపు మాయమవుతుంది. అందుకే వాష్, తైలవర్ణాలు, ఉప్పు, నాచు అయ్యాక మ్యాట్ పొర వేసి, దాని మీద మసి పిగ్మెంటును, గ్రీజు, నూనె, నాచు మెరుపులను పెట్టుకోవాలి. పడవ అంతా ఒకే మ్యాట్‌గా ఉంటే ఎంత మంచి రంగైనా అట్టముక్కలా కనిపిస్తుంది.

అసలు పడవను దగ్గరగా చూడాలనుకునేవారికి మసాచుసెట్స్‌లోని ఫాల్ రివర్‌లో బ్యాటిల్‌షిప్ కోవ్ మ్యూజియంలో పీటీ-617 ఉంది. అదీ ఎల్కో 80 అడుగుల పడవే. దాన్ని పునరుద్ధరించి కొత్త రంగు వేసి భద్రపరిచారు కాబట్టి మరకలకు అది ఆధారం కాదు, ఏ భాగం చెక్క, ఏ భాగం లోహం అన్న మన ప్రధాన ప్రశ్నకు మాత్రం దాని ఫోటోలు సూటిగా జవాబిస్తాయి. యుద్ధం ముగిశాక 1945 చివర్లో ఫిలిప్పీన్స్‌లోని సమార్ దగ్గర వందకు పైగా పీటీ పడవలను పనికొచ్చే సామాను తీసేసి తగలబెట్టారు. ఆ పడవలు ఇన్ని తక్కువ మిగలడానికి అదొక కారణం, ప్రతి పాత ఫోటోనూ భూతద్దం పెట్టి చూడవలసి రావడానికీ అదే కారణం.

ఉక్కు ఓడలు, జలాంతర్గాములు కట్టేవారికి ఈ సెట్‌ను నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను; ఆరు సీసాలూ ఖర్చవుతాయి. ఎల్కో, హిగ్గిన్స్, వాస్పర్ వంటి కంపెనీల చెక్క పడవలు కట్టేవారు గోధుమ వాష్, నాచు ఆకుపచ్చ, ఉప్పు తెలుపు ఈ మూడింటిని విడిగా కొని, మసికి నల్ల పిగ్మెంట్, డెక్కుకు నాలుగు తైలవర్ణాల గొట్టాలు చేర్చుకుంటే అదే పని తక్కువ సరుకుతో అవుతుంది. నా సెట్‌లో గోధుమ వాష్ సగానికి పైగా అయిపోయింది, నాచు మూడో వంతు, ఉప్పు పదో వంతు. ముదురు తుప్పు సీసాలో మాత్రం లంగరుకు వాడిన ఒక్క కుంచె మొనంత రంగే తగ్గింది.